లోపలి గడియ

ఖిదిర్‌పూర్, కలకత్తా
22 జూన్ 1986

వదినకి,

దయమ్మ వందనాలు. అన్నయ్యకి మోకాళ్ల నొప్పి తగ్గిందని నీ కార్డులో చూసి సంతోషించాను. ఇక్కడ ఆయన ఓడల డాకులో డ్యూటీకి వెళ్తున్నారు. మా కాంతం తొమ్మిదో తరగతిలోకి వచ్చింది. నా అంత పొడుగైంది, నా మాట మాత్రం వినదు.

ఇక అసలు సంగతి. నవ్వితే నవ్వు గానీ అన్నయ్యకి చెప్పకు.

మా తెలుగువాళ్ల ఇళ్ల లైను మొదట్లో ఖాళీ జాగా ఉంది కదా, నువ్వొచ్చినప్పుడు అక్కడ ఎవరిదో మేక కట్టేసి ఉండేది. ఆడవాళ్లకి అక్కడ స్నానాల గది, మరుగుదొడ్లు కట్టిస్తామని కార్పొరేషన్ వాళ్లు అన్నారు. జాగా ఇస్తున్నామని పారా కమిటీ, అంటే మా పేట పెద్దల కమిటీ, ఒప్పుకుంటే చాలు. అదే జాగా మీద క్లబ్బు కుర్రాళ్ల కన్ను కూడా పడింది. కారమ్స్ బల్ల పెట్టుకోడానికి వాళ్లకి పక్కా గది కావాలట. మొన్న ఆదివారం సాయంత్రం మీటింగు పెట్టారు. ఆరాధన అవగానే మా స్త్రీల సమాజమంతా అవే తెల్లచీరల్లో వెళ్లి ముందు వరసలో కూర్చున్నాం.

క్లబ్బు సెక్రటరీ నిమాయ్‌దా లేచాడు. అతను మాట్లాడే తీరు నీకు చెప్పాలి. కళ్లు మూసుకుని, చేతులు ముందుకు చాచి, గొంతు ఒకసారి పైకి, ఒకసారి కిందికి. పేట ఐకమత్యం అన్నాడు, రాబోయే తరం అన్నాడు, గొప్ప గొప్ప బంగ్లా మాటలేవో అన్నాడు. సగం మాకు అర్థం కాలేదు. అచ్చం పాస్టరు గారి ముగింపు ప్రార్థనలాగే ఉంది. రోజమ్మ అయితే ముసుగు కూడా వేసుకుంది. చివర్లో "కాబట్టి ఈ జాగా క్లబ్బుకే ఇవ్వాలని కోరుతున్నాను" అని గొంతు దించి ఆగాడు. ఆగగానే, వదినా, మా నోళ్లు మా మాట వినలేదు. వరసంతా ఒక్క గొంతుతో "ఆమేన్" అన్నాం! మా వెనక కూర్చున్న ముస్లిం బీబీలకి మేమెందుకన్నామో తెలీదు, వాళ్లూ "ఆమీన్" అనేశారు.

ముందు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత క్లబ్బు కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. మహిళలంతా ఒప్పుకున్నారని అధ్యక్షుడు తీర్మానం రాయించేశాడు.

మా పక్కింటి గురవమ్మ తెలుసుగా, వాళ్లాయన కార్పొరేషన్‌లో రోడ్లు ఊడుస్తాడు. ఆవిడ హిందువు, ఈ పాపంలో ఆవిడకి వాటా లేదు. ఇంటికొచ్చాక నెత్తి కొట్టుకుంది. "ఏటమ్మా దయమ్మా, మీ పార్థన మా కొంప ముంచీసింది కదే!" అంది.

మర్నాడు నేను నిమాయ్‌దా దగ్గరకి వెళ్లి, అది ఒప్పుకోవడం కాదు, అలవాటు అని చెప్పాను. "ఏదైనా ఉంటే కమిటీలో అడగండి దీదీ. మహిళల కుర్చీ ఒకటి ఎప్పట్నుంచో ఖాళీగా ఉంది, ఎవరూ రారు" అన్నాడు నవ్వుతూ. "అయితే నేనొస్తాను" అన్నాను. అప్పుడు నవ్వు ఆపాడు.

వచ్చే వారం నుంచి నేను కమిటీ మెంబర్ని. ప్రార్థన చెయ్యి. ఆఖర్న ఆమేన్ మాత్రం కాస్త చూసి అను.

నీ ఆడపడుచు
దయమ్మ


భీమునిపట్నం
9 జూలై 1986

కమిటీ మెంబరు గారికి,

జీవరత్నం సలాములు. ఇంకా వదిన గుర్తుందనే అనుకుంటున్నాను.

నవ్వలేక చచ్చాననుకో. నేనలా నవ్వుతుంటే మీ అన్నయ్య వచ్చి ఉత్తరం లాక్కుని చదివేశాడు, నా తప్పేం లేదు. ఆయన మాత్రం నవ్వలేదు. "కలకత్తాలో కమిటీ అంటే ఏటనుకున్నావు? ఎర్రజెండా! దేవుడు లేడనే ఓళ్లు. నా సెల్లి అందులో సేరిపోనాది" అని పడక్కుర్చీలో కూలబడ్డాడు. కాదు, అది కుళాయిల కమిటీ అని నేనంటే వినడు. సంఘ పెద్ద కదా, ఆయనకి చెప్పడం నావల్ల అవుతుందా?

నిజం చెప్పు. జెండా పట్టుకోమన్నారా? పట్టుకుంటే నాకొక్కదానికే రాయి.

ఇక్కడ వానలు ముందే దిగాయి, వలలు ఒడ్డునే ఉన్నాయి, కూరకి ములగాకే దిక్కు. చర్చి కప్పు మళ్లీ కారుతోంది. మగవాళ్లు మీటింగు మీద మీటింగు వేసుకుంటున్నారు, మేం గిన్నెలు పెట్టుకుంటున్నాం.

ఒక్క మాట చెబుతాను, గుర్తుపెట్టుకో. కమిటీలో కూర్చున్నాక టీ వస్తుంది. నువ్వు లేచి పొయ్యకు. ఒక్కసారి పోశావంటే ఇంక నీ పని అదే, నీ కుర్చీ మళ్లీ ఖాళీయే.

కాంతానికి ముద్దులు.

జీవరత్నం


ఖిదిర్‌పూర్
20 అక్టోబర్ 1986

వదినా,

ఇన్నాళ్లూ రాయనందుకు తిట్టుకునే ఉంటావు. ఒక్క పూట తీరిక లేదు.

టీ సంగతి బంగారంలాంటి మాట చెప్పావు. మొదటి రోజే కెటిల్ నా ముందు పెట్టి అందరూ నా వైపు చూశారు. నేను దాని వైపు చూశాను. కాసేపటికి నిమాయ్‌దాయే లేచి పోశాడు, నాక్కూడా ఇచ్చాడు. చక్కెర ఎక్కువ వేశాడు.

అన్నయ్యకి చెప్పు, జెండా ఎవరూ పట్టుకోమనలేదు. కమిటీలో పార్టీ వాళ్లూ ఉన్నారు, కాని వాళ్లూ ఉన్నారు, చెవుడున్న హోమియోపతీ డాక్టరొకాయన కూడా ఉన్నాడు. వాళ్లకి కావలసింది పని చేసేవాళ్లు. రక్తదానం శిబిరం పెట్టారు, నేను కోడిగుడ్లు ఉడకబెట్టి రక్తమిచ్చిన వాళ్లందరికీ అరటిపండుతో కలిపి ఇచ్చాను. మా ఆయన కూడా రక్తమిచ్చి, ఒక టిఫిను డబ్బా బహుమతిగా తెచ్చుకుని, వారం రోజులు మంచం దిగలేదు. ఫుట్‌బాల్ పోటీకి గీతలు గీయించాను. వానకి మా లైనంతా మునిగితే మురుగు మోరీ తీసే వాళ్లని కార్పొరేషన్ ఆఫీసు నుంచి వెంటబెట్టుకుని వచ్చాను. ఆ రోజు నుంచి పేటలో అందరూ నన్ను దయాదీ అంటున్నారు.

దసరాకి నాలుగు రోజులూ పూజ పందిట్లోనే ఉన్నాను. ఎర్ర అంచు తెల్లచీర కట్టుకుని కిచిడీ వడ్డించాను. కాళ్లు ఇంకా వాచే ఉన్నాయి. ఇక్కడ పందిట్లో కనబడని మనిషిని పేట మనిషిగా లెక్కెయ్యరు. ఇప్పుడు నిమాయ్‌దా వాళ్లమ్మ కూడా నన్ను పలకరిస్తోంది. మనం పిన్నిగారూ అన్నట్టు పేటంతా ఆవిడని మాశీమా అంటారు, ఆవిడ మాట అంటే అందరికీ భయం.

క్లబ్బు గదికి పునాది ఇంకా తియ్యలేదు. ఇటుకలు మాత్రం వచ్చాయి. జనవరిలో పేటంతటికీ పెద్ద మీటింగు ఉంటుంది, ఆ తీర్మానాన్ని తిరగదోడాలంటే అక్కడే. నేను దానికోసమే చూస్తున్నాను.

దయమ్మ


భీమునిపట్నం
2 నవంబర్ 1986

దయమ్మకి,

ఈ ఉత్తరం నవ్వుతూ రాయడం లేదు.

పూజ పందిట్లో నాలుగు రోజులా? ఎర్ర అంచు చీర కట్టుకునా? ఏదో చిన్న పని చేసినట్టు రాశావు. నువ్వు విగ్రహం ముందు నిలబడ్డావని మీ అన్నయ్య రెండు పూటలు అన్నం ముట్టలేదు. ఎరుపు ఎక్కడ కనబడినా ఆయనకది పార్టీయే. జెండా లేదని చెప్పి చీరే జెండా చేసుకుందా అన్నాడు. నేను ఏం చెప్పను?

ఆయన మీ పాస్టరు గారికి ఉత్తరం రాశాడు. నిన్ను స్త్రీల సమాజం సెక్రటరీగా తీసెయ్యమని రాశాడు. నేను ఆపలేదు. ఆపాలని కూడా అనిపించలేదు.

మన అమ్మలు ఎన్ని మాటలు పడి ఈ విశ్వాసం నిలబెట్టుకున్నారో నీకు తెలుసు. ఒక స్నానాల గది కోసం దాన్ని వదులుకుంటావా? కమిటీ మానెయ్యి. మానేశానని అన్నయ్యకి ఒక్క ముక్క రాయి.

జీవరత్నం


ఖిదిర్‌పూర్
16 నవంబర్ 1986

వదినకి,

అన్నయ్య ఉత్తరం పాస్టరు గారు నాకు చదివి వినిపించారు. చదివాక కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఆ కిచిడీ నేనూ తిన్నానమ్మా దయమ్మా, మీ అన్నయ్య నన్నేం తీసేస్తాడో" అన్నారు. నన్ను తియ్యలేదు.

నేను ఎవరికీ దండం పెట్టలేదు. ఎవరూ పెట్టమనలేదు. ఆకలేసిన వాళ్లకి గరిటెతో అన్నం పెట్టాను. ఆ ఎర్ర అంచు చీర ఈ ఊరి ఆడవాళ్లు పండగకి కట్టుకునేది, అంతే. ఇది అన్నయ్యకి చెప్పు, చెప్పకపో, నీ ఇష్టం.

ఒక స్నానాల గది కోసమా అని రాశావు. నీకు ఇంటి వెనక నుయ్యి ఉంది, చుట్టూ తడిక ఉంది. నా కూతురికి ఏముందో చెబుతాను. మా కుళాయి రోడ్డు మీద ఉంది. లారీలు ఆగే చోటు అది. లంగా గుండెల దాకా కట్టుకుని, నేనో రోజమ్మో చీర అడ్డం పట్టుకుంటే, నాలుగు చెంబులు గబగబా పోసుకోవాలి. పోయిన వారం గాలికి నా చేతిలో చీర జారింది. లారీ క్లీనర్లు ఈల వేశారు. పిల్ల ఒంటి మీద సబ్బుతోనే ఇంటికి పరిగెత్తింది. అప్పట్నుంచి కుళాయి దగ్గరకి రాదు. తడిగుడ్డతో తుడుచుకుంటుంది. ఒళ్లంతా పొక్కులు. బళ్లో పక్క పిల్ల జరిగి కూర్చుందని బడి కూడా ఎగ్గొడుతోంది. తిడితే ఏడవదు వదినా, గోడ వైపు తిరిగి పడుకుంటుంది.

నేనూ ఈ ఊరు వచ్చినప్పట్నుంచి అలాగే స్నానం చేస్తున్నాను. నాకు అలవాటైపోయింది. దానికి అలవాటు కానివ్వను.

కమిటీ మానను.

దయమ్మ


ఖిదిర్‌పూర్
26 జనవరి 1987

వదినా,

నీ దగ్గర్నుంచి క్రిస్మస్‌కి కార్డు కూడా రాలేదు. రాకపోయినా రాస్తున్నాను. ఇది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

నిన్న పెద్ద మీటింగు. మూడు లైన్ల జనం వచ్చారు. స్నానాల గది మాట నేను ముందే పట్టుబట్టి ఎజెండాలో పెట్టించాను. "మహిళల తరఫున దయాదీ మాట్లాడతారు" అన్నాడు అధ్యక్షుడు. నేను లేచి, "నేను ఒక్కదాన్నే మాట్లాడను. మాలో ఎవరి సాక్ష్యం వాళ్లే చెబుతారు" అన్నాను.

సాక్ష్యం అంటే వాళ్లకేం తెలుసు! గురువారాలు మన సమాజంలో చేస్తామే, అదే. విన్నది చెప్పకూడదు, ఒకరిది ఇంకొకరు చెప్పకూడదు, ఎవరినీ తిట్టకూడదు, తనకి జరిగింది చెప్పి కూర్చోవాలి. పెళ్లికి ముందు నన్ను లేపి నిలబెట్టి నువ్వు నేర్పిందే. డిసెంబరంతా మా చర్చిలో అందరికీ అదే నేర్పాను. గురవమ్మ వచ్చింది, బీబీలు వచ్చారు. "దేవుడి పేరు సెప్పకుండా సెప్పొచ్చా?" అని గురవమ్మ అడిగింది. చెప్పొచ్చన్నాను.

ముందు రోజమ్మ లేచింది. వచ్చీరాని బంగ్లాలో చెప్పింది గానీ, మన మాటల్లో అయితే ఇది: "పెల్లై వచ్చిన కాణ్ణుంచి సీర ఒంటి మీదుండగానే తానం సేస్తన్నాను. నా ఈపు నాను సబ్బెట్టి రుద్దుకుని ఎన్నేళ్లయిందో తెలీదు." అంతే, కూర్చుంది. వెనక ఎవడో కుర్రాడు కిసుక్కుమన్నాడు. గురవమ్మ లేచింది. "కడుపుతో ఉండగా కుళాయి కాడ నాచుమీద జారిపడ్డాను. అందరూ సూస్తన్నారని బేగి లెగిసిపోబోయి మల్లీ పడ్డాను. ఆ బిడ్డ దక్కలేదు." ఇంక ఎవరూ నవ్వలేదు. తర్వాత బీబీలు లేచారు. ఒకరి తర్వాత ఒకరు. ఎవరూ అరవలేదు, ఎవరూ ఏడవలేదు. మగవాళ్లు కాళ్ల వైపు చూసుకుంటున్నారు. సాక్ష్యానికి ఎదురు వాదన ఏముంటుంది?

ఇక అయిపోయిందనుకున్నాం. అప్పుడు మాశీమా లేచింది. మేం ఆవిడకి నేర్పలేదు, పిలవను కూడా లేదు. కర్ర పట్టుకుని నిలబడింది. "దేశం ముక్కలైనప్పుడు అవతల నుంచి వచ్చాం. కాందిశీకుల కాలనీలో ఉన్నన్నాళ్లూ చెరువులో, నలుగురి కళ్ల ముందు స్నానం చేశాను. నిమాయ్ కడుపులో ఉన్నాడు. మెడ దాకా నీళ్లలో కూర్చుని, జనం పోయేదాకా ఒడ్డెక్కేదాన్ని కాదు. చలికి పళ్లు టకటకలాడేవి. ఇది ఇవాళే చెబుతున్నాను" అంది.

నిమాయ్‌దా మొహం చూడలేకపోయాను. "మా, నాకెప్పుడూ చెప్పలేదే" అన్నాడు. "నువ్వెప్పుడు అడిగావు?" అంది.

చేతులెత్తమన్నారు. అందరికంటే ముందు నిమాయ్‌దా చెయ్యే లేచింది. జాగా మాది! తలుపులుండాలి, లోపల గడియ ఉండాలి అని కూడా రాయించాను. గోనెసంచి తెర కట్టి సరిపెట్టుకోమంటారని నాకు తెలుసు. క్లబ్బు ఇటుకలు కూడా మాకే ఇచ్చేశారు.

గెలిచాం వదినా. నాకెంత గర్వంగా ఉందో దాచుకోను. నువ్వు కోపంగా ఉన్నా సరే, ఈ గెలుపులో సగం నీదే.

దయమ్మ


భీమునిపట్నం
15 ఫిబ్రవరి 1987

దయమ్మా,

నా తల్లీ, కోపంతో కాదు, సిగ్గుతో రాయలేదు. కాంతం సంగతి చదివిన రోజు నుయ్యి దగ్గరకి వెళ్లి తడిక వైపు చూస్తూ నిలబడిపోయాను. అయినా ఏమని రాయాలో తోచలేదు.

నీ జనవరి ఉత్తరం సమాజంలో అందరికీ చదివాను. మగవాళ్ల ముందు స్నానం మాట ఎలా చెప్పారమ్మా అని ఒకరిద్దరు ముక్కు మీద వేలేసుకున్నారు. నాకూ మొదట అలాగే అనిపించింది. మీ అన్నయ్య తలుపు వెనక నుంచి విన్నాడు. విననట్టు దగ్గాడు.

ఇప్పుడు నా సంగతి విను. మన చర్చి సంవత్సర సభలో మాట్లాడేది మగవాళ్లేనని నీకు తెలుసు. గిన్నెలు పెట్టే మేం గోడవార కూర్చుంటాం. పోయిన ఆదివారం సభలో నేను లేచాను. "సంఘ కమిటీలో ఆడోళ్లు కూడా ఉండాలి" అన్నాను. వచ్చే ఏడు చూద్దాం, కూర్చో అమ్మా అన్నారు. నేను కూర్చోలేదు. మాట్లాడనూ లేదు, ఊరికే నిలబడ్డాను. నిలబడేసరికి నా వెనక చింతపల్లి రామమ్మ లేచింది, తర్వాత వరసంతా లేచింది. ఎంతసేపని చూస్తారు? చేతులెత్తమన్నారు.

మీ అన్నయ్య కూడా ఎత్తాడు. సగమే, మోచేతి దాకా. పాస్టరు గారు "అది ఎత్తినట్టా, గోక్కున్నట్టా?" అని అడిగితే అప్పుడు పూర్తిగా ఎత్తాడు.

నేనూ, రామమ్మా కమిటీలో ఉన్నాం. టీ మీ అన్నయ్యే పోశాడు, చూసుకో మరి.

గది తెరిచినప్పుడు అంతా వివరంగా రాయి. ఆయనకి చదివి వినిపించాలి, అడుగుతున్నాడు.

నీ వదిన
జీవరత్నం


ఖిదిర్‌పూర్
17 మే 1987

కమిటీ మెంబరు గారికి, అన్నయ్యకి కూడా,

ఎన్నికల హడావిడిలో తాపీవాళ్లు దొరక్క ఆలస్యమైంది గానీ, ఇవాళ మధ్యాహ్నం తెరిచాం.

ఎండ మండిపోతోంది. షామియానా వేశారు, మైకు పెట్టారు, రంగు కాగితాలు కట్టారు. కౌన్సిలర్ గారు వచ్చి రిబ్బను కత్తిరించి, నీటి గురించి చాలాసేపు మాట్లాడారు. పాస్టరు గారు చిన్న ప్రార్థన చేశారు, మాశీమా గడపకి పసుపు రాసింది, బీబీలు మిఠాయి పంచారు. ఎవరి తృప్తి వాళ్లది. నన్ను మైకు దగ్గరకి పిలిస్తే అందరికీ వందనాలు అని దిగిపోయాను.

తర్వాత ఏం చెయ్యాలో ఎవరికీ తెలీలేదు. స్నానాల గది ముందు ఇంతమంది మగవాళ్లు కుర్చీలేసుకుని కూర్చుంటే ఏ ఆడది లోపలికి వెళ్తుంది? మేమందరం మొహమొహాలు చూసుకున్నాం.

అప్పుడు మా కాంతం వచ్చింది. ఒక చేత్తో బకెట్, భుజం మీద తువ్వాలు, కొత్త సబ్బు. తల ఎత్తుకుని, ఆ కుర్చీల మధ్య నుంచి నడిచి, కౌన్సిలర్ గారిని "కొంచెం జరగండి" అని, లోపలికి వెళ్లి తలుపేసుకుంది. గడియ పడిన చప్పుడు మైకులో కూడా వినబడింది.

లోపల నీళ్ల చప్పుడు మొదలైంది. అప్పుడు తట్టింది ఆ పెద్దమనుషులకి. ఒక్కొక్కరే కుర్చీ మడిచి లేచారు. నిమాయ్‌దా మైకు వైరు చుట్టుకుంటూ కుర్రాళ్లందరినీ తోలుకుపోయాడు. ఆడవాళ్లమే మిగిలాం.

నీళ్లు పడుతూనే ఉన్నాయి. ఒక బకెట్ అయింది, మళ్లీ కుళాయి తిప్పింది. లోపల పాడుకుంటోంది వదినా. ఏదో హిందీ పాట, నేనైతే ఇంట్లో పాడనివ్వను. నేను మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. రోజమ్మ కూడా ఏడ్చింది.

వరసలో రెండోది గురవమ్మ. ఎండకి తట్టుకోలేక తలుపు కొట్టింది. "ఎంతసేపే పిల్లా? బేగి రా!"

లోపల్నుంచి నా కూతురు అంది: "నాకింకా అవలేదు."

గురవమ్మ నా వైపు చూసింది. నేను మెట్టు మీద జరిగి ఆవిడకి చోటిచ్చాను. అది ఆ మాట అనగలగడానికే వదినా, మేం ఇంత చేసింది.

దయమ్మ